మిషిగన్ చలిలో ఫర్నేస్, ఏసీ మార్చుకోవడం: కాంట్రాక్టర్ ఎంపిక, లైసెన్సు, ఖర్చులపై సమగ్ర మార్గదర్శి

నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ ప్రాంతాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారు అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంటిని వేడిచేసే ఫర్నేస్ గురించి తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఫర్నేస్ మార్చడానికి ఒకరు అయిదు వేల డాలర్లు అంటున్నారు, ఇంకొకరు తొమ్మిది వేలు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలండీ?”

ఆ ఇద్దరూ ఒకే పనికి ధర చెబుతున్నారో లేదో తేలేదాకా ఎవరినీ నమ్మనవసరం లేదు. ఒకరి ధరలో చిమ్నీ పని, పర్మిట్, పరీక్షలు కలిసి ఉండవచ్చు, మరొకరి ధరలో యంత్రం, దాన్ని తెచ్చి నిలబెట్టిన కూలి మాత్రమే ఉండవచ్చు. అందుకే ముందు చేయవలసిన పని ఏమిటో తేల్చుకోవాలి, ఆ తరువాత చేసేవాడి అర్హత చూడాలి, ధర గురించి మాట్లాడటం చివరన రావాలి. ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో సాగుతుంది.

## 1. ఆగిపోయిన ఫర్నేస్‌ను మార్చాలా, బాగుచేస్తే చాలా?

ముందుగా ఒక హెచ్చరిక. ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం మోగినా ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, బయటి నుంచే అత్యవసర సేవలకు (911) ఫోను చేయాలి. కింద చెప్పిన పరిశీలనలేవీ అటువంటి సమయంలో చేయకూడదు.

వాసన, అలారం ఏవీ లేకుండా ఫర్నేస్ ఆగిపోతే, కాంట్రాక్టర్‌ను పిలవడానికి ముందు పది నిమిషాలు వెచ్చించి ఇవి చూడండి:

- థర్మోస్టాట్ ‘హీట్’లోనే ఉందా? దాని బ్యాటరీలు పనిచేస్తున్నాయా?
- ఫర్నేస్ పక్కన అచ్చం లైటు స్విచ్చులా కనిపించే స్విచ్చును బేస్‌మెంట్‌లో సామాను సర్దుతూ ఎవరైనా ఆపేశారా?
- ఎలక్ట్రిక్ ప్యానెల్‌లో బ్రేకర్ పడిపోయిందా?
- ఫిల్టర్ బూడిదరంగుకు తిరిగి దట్టంగా నిండిపోయిందా?
- ఫర్నేస్ ముందు తలుపు పూర్తిగా మూసుకుందా? కొద్దిగా వదులుగా ఉన్నా లోపలి భద్రతా స్విచ్చు యంత్రాన్ని కదలనివ్వదు.
- ఇంటి బయటి గోడలోంచి పొడుచుకు వచ్చిన తెల్లని పీవీసీ గొట్టాలను మంచు కప్పేసిందా?

చివరి అంశం నా స్వానుభవం. ఒక జనవరి రాత్రి రెండు గంటలకు ఇల్లు చల్లబడిపోతుంటే నేను అత్యవసర సర్వీసుకు ఫోను చేయబోయాను. టార్చిలైటు తీసుకుని బయటికి వెళ్ళి చూస్తే, గాలికి కొట్టుకొచ్చిన మంచు గోడ పక్కన మోకాలి ఎత్తు పేరుకుని, గాలి పీల్చే గొట్టం మూతిని పూర్తిగా మూసేసింది. పారతో మంచు తీసి, గొట్టం మూతిని చేత్తో శుభ్రం చేసి, స్విచ్చు ఒకసారి ఆపి వేయగానే ఫర్నేస్ అంటుకుంది. గాలి అందనప్పుడు ప్రెషర్ స్విచ్చు ఫర్నేస్‌ను మండనివ్వదు. అది తన పని తాను సరిగ్గా చేసిందన్నమాట.

ఇవన్నీ సరిగానే ఉంటే, ఫర్నేస్ తలుపుకున్న చిన్న అద్దంలోంచి లోపలి బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ సంఖ్యకు అర్థం తలుపు లోపలి వైపు అంటించిన పట్టికలో ఉంటుంది. ఫోనులో ఆ సంఖ్య చెబితే, వచ్చే టెక్నీషియన్ తగిన విడిభాగంతో రావడానికి వీలవుతుంది.

పరిశీలనకు మాత్రమే వచ్చినందుకు సుమారు 80 నుంచి 150 డాలర్లు తీసుకుంటారు, రాత్రివేళ, సెలవు రోజున ఇంకా ఎక్కువ. ఫ్లేమ్ సెన్సర్ శుభ్రం చేయడం, ఇగ్నైటర్ మార్చడం వంటివి వందల డాలర్లలో తేలిపోయే పనులు. ఫర్నేస్ వయసు 15 ఏళ్ళు దాటి, మోటారో బోర్డో పోయి మరమ్మతు వెయ్యి డాలర్లకు చేరుతున్నప్పుడు మార్పిడి గురించి ఆలోచించడం సబబు.

“హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలింది, వెంటనే మార్చకపోతే ప్రాణాపాయం” అని టెక్నీషియన్ చెబితే (అది మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) మాటను కొట్టిపారేయకూడదు, అలాగని వెంటనే సంతకమూ పెట్టకూడదు. ఫర్నేస్‌ను ఆపేసి, పగులు ఫొటో అడగండి, కార్బన్ మోనాక్సైడ్ కొలత రాతపూర్వకంగా అడగండి, మరుసటి రోజు మరొకరిని పిలిపించి చూపించండి. నిజంగా పగిలి ఉంటే వారంటీ కూడా చూడండి. చాలా కంపెనీలు ఈ ఒక్క భాగానికి 20 ఏళ్ళు లేదా అంతకు మించి వారంటీ ఇస్తాయి.

## 2. ఎవరినీ పిలవకముందే ఇంటి వివరాలు సిద్ధం చేసుకోవడం

ఈ పనికి సెప్టెంబరు, అక్టోబరు మొదటి వారాలు మంచి సమయం. జనవరిలో ఇల్లు గడ్డకడుతున్నప్పుడు ముగ్గురి దగ్గర ధరల అంచనా పత్రాలు, అంటే కోట్‌లు, తీసుకునే ఓపికగానీ, వ్యవధిగానీ ఎవరికీ ఉండదు.

సిద్ధం చేసుకోవలసినవి:

- ఫర్నేస్ లోపలి నేమ్‌ప్లేటు ఫొటో (మోడల్, సీరియల్ నంబరు, వేడిని కొలిచే ప్రమాణమైన బీటీయూ సంఖ్య కనిపించేలా)
- బయట ఉన్న ఏసీ యూనిట్ నేమ్‌ప్లేటు ఫొటో
- ఫర్నేస్ పొగగొట్టం, వాటర్ హీటర్ పొగగొట్టం ఎక్కడ కలుస్తున్నాయో చూపే ఫొటో
- ఎలక్ట్రిక్ ప్యానెల్ ఫొటో
- గత ఏడాది గ్యాస్, కరెంటు బిల్లులు
- ఎప్పుడూ చల్లగా ఉండే గదుల పేర్లు

వీటికి తోడు ఇంకొక లెక్క మీరే చేసుకోగలరు. బాగా చలిగా ఉన్న రాత్రి, అంటే బయట 5 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో ఉన్నప్పుడు, థర్మోస్టాట్‌ను కదపకుండా ఒక గంటలో ఫర్నేస్ మొత్తం ఎన్ని నిమిషాలు మండిందో గమనించండి. ఉదాహరణకు నేమ్‌ప్లేటుపై ఇన్‌పుట్ 1,00,000 బీటీయూ, సామర్థ్యం 80 శాతం అనుకుందాం. అది గంటకు ఇంట్లోకి ఇవ్వగల వేడి 80,000 బీటీయూ. గంటలో 30 నిమిషాలే మండితే, మీ ఇంటికి అంత చలిలోనూ కావలసింది గంటకు సుమారు 40,000 బీటీయూ మాత్రమే. అటువంటి ఇంటికి 96 శాతం సామర్థ్యమున్న 60,000 బీటీయూ ఫర్నేస్ ధారాళంగా సరిపోతుంది.

పాత యంత్రం మీద ఉన్న అంకెనే చూసి మళ్ళీ లక్ష బీటీయూది పెట్టేస్తే, అది అయిదేసి నిమిషాలు మండి ఆగుతూ ఉంటుంది. గదులు సమంగా వేడెక్కవు, శబ్దం పెరుగుతుంది, భాగాలు త్వరగా అరిగిపోతాయి. మీరు వేసిన లెక్క అంచనాకే పనికొస్తుంది. అసలు లెక్క ‘మాన్యువల్ జె’ అనే పద్ధతిలో గోడలు, కిటికీలు, ఇన్సులేషన్ కొలిచి కాంట్రాక్టర్ చేయవలసినది. ఇల్లు చూడకుండా, విస్తీర్ణం మాత్రమే అడిగి సైజు చెప్పేవాడిని పక్కన పెట్టవచ్చు.

## 3. లైసెన్సు సరిచూడటం

మిషిగన్‌లో ఫర్నేస్, ఏసీ, డక్టుల (గదులకు గాలి చేర్చే గొట్టాల) పని చేసే కాంట్రాక్టర్‌కు రాష్ట్ర స్థాయి మెకానికల్ కాంట్రాక్టర్ లైసెన్సు ఉండాలి. దీన్ని అందరూ ‘లారా’ అని పిలిచే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ 2016 నాటి 407వ చట్టం కింద జారీ చేస్తుంది. కనీసం మూడేళ్ళ అనుభవం చూపించి, పరీక్షలో ఉత్తీర్ణులైన వారికే అది లభిస్తుంది.

లైసెన్సు ఉందని తెలియడంతోనే పని అయిపోదు, అది ఏ తరగతిదో చూడాలి. మార్పిడికి ‘హెచ్‌వీఏసీ ఎక్విప్‌మెంట్’ (వేడి, చల్లదనం, గాలి ప్రసరణ యంత్రాల) తరగతి, డక్టులు మారుస్తుంటే ‘డక్ట్‌వర్క్’ తరగతి, బాయిలరు, వేడినీటి గొట్టాల ఇల్లయితే ‘హైడ్రానిక్’ తరగతి ఉండాలి. సర్వీసు తరగతి మాత్రమే ఉన్న వ్యక్తికి మార్పిడి పని అప్పగించేముందు ఆ పని అతని తరగతిలోకి వస్తుందో లేదో నగర భవన విభాగాన్ని అడగండి. ఇళ్ళు కట్టే బిల్డర్ లైసెన్సు కూడా దీనికి బదులు కాదు. ఈ తేడా తెలియక మోసపోయినవారు మనలో చాలామంది ఉన్నారు.

సరిచూసే పద్ధతి ఇది:

1. లైసెన్సు నంబరు, దాన్ని కలిగిన వ్యక్తి పేరు అడిగి రాసుకోండి.
2. లారా వెబ్‌సైటులో ఉచితంగా వెతికి, లైసెన్సు చెల్లుబాటులో ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి.
3. అక్కడ కనిపించే పేరు, కోట్‌పై ఉన్న కంపెనీ పేరు, చెక్కు ఎవరి పేర రాయమన్నారో ఆ పేరు, ఈ మూడూ పొసగుతున్నాయో లేదో చూడండి.
4. బీమా ధ్రువపత్రాన్ని కాంట్రాక్టర్ చేతి మీదుగా కాకుండా బీమా ఏజెంట్ నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కు పంపించమనండి. బాధ్యత బీమాతోపాటు కార్మికుల గాయాల బీమా కూడా అందులో ఉండాలి.
5. ఏసీ, హీట్ పంపు (చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే, ఏసీలాంటి యంత్రం) పనిలో రిఫ్రిజరెంట్ అనే చల్లబరిచే వాయువును ముట్టుకునే ప్రతి టెక్నీషియన్‌కూ కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ నిర్దేశించిన 608 ధ్రువీకరణ తప్పనిసరి. ఇళ్ళ ఏసీలకు టైప్ 2 లేదా యూనివర్సల్ ఉండాలి.

టెక్నీషియన్ల నైపుణ్యానికి ఇచ్చే నేట్ అనే ధ్రువీకరణ గురించి కొందరు గొప్పగా చెబుతారు. అది ఉండటం మంచిదే కానీ ఐచ్ఛికం, లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు. సరిహద్దుకు ఆవల కెనడాలోని ఆంటారియోలో ఉన్న మన వాళ్ళకు వ్యవస్థ వేరు. అక్కడ గ్యాస్ పనికి టీఎస్‌ఎస్‌ఏ అనే భద్రతా సంస్థ అనుమతులు చూడాలి.

గుడిలో కలిసినవారో, వాట్సాప్ గ్రూపులోనివారో సిఫారసు చేసిన పేరైనా సరే ఈ అయిదు మెట్లూ ఎక్కవలసిందే. స్నేహితుడి ఇంట్లో పని బాగా జరిగిందంటే ఆ ఇంటికి తగిన పని జరిగిందని మాత్రమే అర్థం.

## 4. కోట్ చదవడం, ధరలు పోల్చడం

ముందుగా స్థూలమైన ధరలు. యంత్రం, కూలి, మామూలు స్థాయి అమరిక కలిపి దక్షిణ మిషిగన్‌లో మధ్యస్థ ఇంటికి ఇవి సాధారణంగా కనిపించే అంచనాలు:

- గ్యాస్ ఫర్నేస్ మాత్రమే: సుమారు 4,000 నుంచి 8,000 డాలర్లు
- ఏసీ మాత్రమే: సుమారు 4,500 నుంచి 8,500 డాలర్లు
- రెండూ కలిపి ఒకేసారి: సుమారు 9,000 నుంచి 15,000 డాలర్లు
- తీవ్ర చలికి తగిన హీట్ పంపు: సుమారు 10,000 నుంచి 20,000 డాలర్లు

ఈ అంకెల మధ్య ఇంత తేడా ఎందుకుందో కోట్‌లోని పంక్తులే చెప్పాలి. ఒకే ఒక్క మొత్తం రాసిన కాగితాన్ని కోట్‌గా పరిగణించవద్దు. ఇవన్నీ విడివిడిగా రాసి ఉండాలి:

- యంత్రం మోడల్ నంబరు, బీటీయూ, సామర్థ్యం
- ఏసీ ఉంటే బయటి యూనిట్, లోపలి కాయిల్ జతగా పరీక్షించబడ్డాయని చూపే ఏహెచ్‌ఆర్‌ఐ నంబరు
- పొగగొట్టం ఎలా వెళుతుంది, వాటర్ హీటర్ సంగతేమిటి
- కండెన్సేట్ నీరు (యంత్రంలో ఆవిరి చల్లబడి చేరే నీరు) ఎక్కడికి పోతుంది
- పర్మిట్ రుసుము, ఎవరు తీసుకుంటారు
- పాత యంత్రం తొలగింపు, పాత రిఫ్రిజరెంట్ సేకరణ
- యంత్రం వారంటీ, కూలి వారంటీ విడివిడిగా

వీటిలో పొగగొట్టం సంగతిని నేను కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ధరలో వచ్చే తేడాకూ, ఇంటి భద్రతకూ కూడా అదే కీలకం. పాత 80 శాతం ఫర్నేస్, గ్యాస్ వాటర్ హీటర్ రెండూ చాలా ఇళ్ళలో ఒకే చిమ్నీలోకి పొగ వదులుతాయి. కొత్త 96 శాతం ఫర్నేస్ ఆ చిమ్నీని విడిచిపెట్టి, పీవీసీ గొట్టంతో పక్క గోడలోంచి పొగ పంపుతుంది. అప్పుడు అంత పెద్ద చిమ్నీలో చిన్న వాటర్ హీటర్ ఒంటరిగా మిగులుతుంది. దాని కొద్దిపాటి వేడి చిమ్నీని వెచ్చబరచలేదు, పొగ పైకి లేవదు, తేమ ఇటుకలను తినేస్తుంది, ఒక్కోసారి కార్బన్ మోనాక్సైడ్ బేస్‌మెంట్‌లోకే వెనక్కి తిరుగుతుంది. దీనికి పరిష్కారం చిమ్నీలో సన్నని లోహపు లైనర్ దించడం, లేదా ఫ్యాన్‌తో పక్కకు పొగ పంపే వాటర్ హీటర్ పెట్టడం. ఈ పనికి మరికొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు డాలర్లు అవుతాయి. తక్కువ ధర కోట్‌లో తరచుగా లోపించేది సరిగ్గా ఇదే.

మా ఇంట్లో మొదటిసారి ఫర్నేస్ మార్చిన కాంట్రాక్టర్ ఈ మాటే ఎత్తలేదు, నాకూ తెలియదు. పర్మిట్ తీసుకుని ఉండటం వల్ల నగర ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఆయన ఫర్నేస్ వంక ఒక్క చూపు చూసి, నేరుగా వాటర్ హీటర్ దగ్గరికి వెళ్ళి, దాని పైనున్న పొగగొట్టపు గొడుగు అంచున చిన్న అద్దం పెట్టి, వేడినీటి కుళాయి తిప్పమన్నారు. నిమిషంలో అద్దం మీద ఆవిరి పట్టింది. పైకి పోవలసిన పొగ గదిలోకి వస్తోందని అప్పుడర్థమైంది. లైనర్ వేసేదాకా ఆయన పనిని ఆమోదించలేదు.

కోట్‌లో ఇంకొకటి చూడండి. 2025 జనవరి 1 నుంచి తయారయ్యే ఇళ్ళ ఏసీలు, హీట్ పంపులకు పాత ఆర్-410ఏ రిఫ్రిజరెంట్‌కు బదులు ఆర్-454బీ, ఆర్-32 వంటివి వచ్చాయి. ఇవి స్వల్పంగా మండే గుణం కలవి కాబట్టి, వీటితో పనిచేయడానికి తగిన పరికరాలు, శిక్షణ ఉన్నాయా అని అడగడం మీ హక్కు. పాత నిల్వ యంత్రాన్ని చవకగా ఇస్తామంటే, అది ఏ వాయువుదో కోట్‌లో రాయించుకోండి.

హీట్ పంపు, అధిక సామర్థ్యపు ఫర్నేస్‌లకు లభించిన 25సీ కేంద్ర పన్ను రాయితీ 2025 డిసెంబరు 31 తరువాత బిగించిన వాటికి వర్తించదు. ఇంకా ఆ రాయితీని తీసివేసి ‘నికర ధర’ చూపించే కోట్ ఇస్తే, దాన్ని తిరిగి రాయించండి. గ్యాస్, కరెంటు కంపెనీల రిబేట్లు మాత్రం వేరే. పని మొదలుకాకముందే వాటి షరతులు కంపెనీ వెబ్‌సైటులో చదవాలి.

## 5. హీట్ పంపు తీసుకోవాలా?

ఇప్పుడు దొరుకుతున్న చలి ప్రదేశపు హీట్ పంపులు ఇక్కడి చలిలోనూ పనిచేస్తాయి. గ్యాస్ లైను ఉన్న ఇంటికి నా సలహా: ఏసీ ఎలాగూ మార్చవలసి వస్తే దాని స్థానంలో హీట్ పంపు పెట్టి, తీవ్ర చలికి గ్యాస్ ఫర్నేస్‌ను ఉంచుకునే జంట పద్ధతికి కూడా ఒక కోట్ అడగండి. పూర్తిగా కరెంటు మీదకు మారితే సహాయక హీటర్ల కోసం ప్యానెల్ సామర్థ్యం పెంచవలసి రావచ్చు. ఆ ఖర్చు, దానికి కావలసిన ఎలక్ట్రికల్ పర్మిట్ కోట్‌లో కనిపించాలి.

## 6. పర్మిట్

ఫర్నేస్, ఏసీ మార్పిడికి నగరం లేదా టౌన్‌షిప్ భవన విభాగం నుంచి మెకానికల్ పర్మిట్ తీసుకోవాలి. కాంట్రాక్టర్ చేసే పనికి కాంట్రాక్టరే తన లైసెన్సు మీద తీసుకోవాలి.

“మీరే ఇంటి యజమానిగా తీసుకోండి, చవక” అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. తాము నివసించే ఇంట్లో తామే పని చేసుకునే యజమానుల కోసం ఉద్దేశించిన అవకాశం అది. మీ పేరుమీద తీసుకుంటే పనికి మీరే బాధ్యులవుతారు, లైసెన్సు లేనివాడు దాని చాటున తప్పించుకుంటాడు.

“పర్మిట్ ఎందుకండీ, మార్పిడేగా” అన్నవాడిని కూడా వదులుకోవడమే మేలు. మా ఇంటి వాటర్ హీటర్ సంగతి తేలింది ఆ పర్మిట్ వల్లనే.

## 7. ఒప్పందం, చెల్లింపు

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. కోట్‌లోని ప్రతి పంక్తీ అందులోకి రావాలి, మొదలుపెట్టే తేదీ, ముగించే తేదీ ఉండాలి.

ముందస్తు చెల్లింపు మొత్తంలో మూడో వంతుకు మించనీయకండి. చివరి విడతను, కనీసం పది శాతాన్ని, నగర తనిఖీ ఆమోదం పొందాకే ఇస్తామని ఒప్పందంలోనే రాయించండి. క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే వివాదం వచ్చినప్పుడు మీకొక ఆధారం ఉంటుంది.

అమ్మకందారు మీ ఇంటికే వచ్చి సంతకం పెట్టించుకుంటే, చాలా సందర్భాల్లో మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. అయితే మీరే అత్యవసర మరమ్మతుకు పిలిపించిన చోట ఆ హక్కుపై ఆధారపడవద్దు.

లీన్ గురించి చాలామందికి తెలియదు. మీరు కాంట్రాక్టర్‌కు పూర్తిగా చెల్లించినా, అతడు యంత్రం అమ్మిన సరఫరాదారుకు బాకీపడితే, ఆ సరఫరాదారు మీ ఇంటిపై హక్కు నమోదు చేయడానికి ప్రయత్నించవచ్చు. మిషిగన్‌లో 1980 నాటి నిర్మాణ లీన్ చట్టం ప్రకారం చివరిగా పని లేదా సామగ్రి అందించిన నాటి నుంచి 90 రోజుల్లోగా దాన్ని నమోదు చేయాలి. అందుకే చివరి చెల్లింపుకు ముందు ఈ రెండు కాగితాలు అడగండి:

- ఎవరెవరికి ఎంత చెల్లించాలో ప్రమాణపూర్వకంగా చెప్పే స్వార్న్ స్టేట్‌మెంట్
- కాంట్రాక్టర్, సరఫరాదారు తమ లీన్ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేసిన వేవర్

## 8. పని జరిగే రోజు

ఫర్నేస్ చుట్టూ ఉన్న సామాను ముందురోజే తీసి, బేస్‌మెంట్ మెట్లు ఖాళీ చేయండి. ఆ రోజు కొన్ని గంటలపాటు ఇంట్లో వేడి ఉండదు కాబట్టి పసిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే వారిని మరో ఇంట్లో ఉంచడం మంచిది.

యంత్రం బిగించగానే టెక్నీషియన్ వెళ్ళిపోకుండా, మీ ఎదురుగా ఈ కొలతలు తీసి రాసివ్వమనండి:

- గ్యాస్ ఒత్తిడి
- ఫర్నేస్‌లోకి వెళ్ళే గాలికి, దానిలోంచి వచ్చే గాలికి మధ్య ఉష్ణోగ్రత తేడా (నేమ్‌ప్లేటుపై రాసిన పరిమితుల్లో ఉండాలి)
- డక్టుల్లో గాలి ఒత్తిడి
- పొగలో కార్బన్ మోనాక్సైడ్ స్థాయి

బయట పీవీసీ గొట్టాల మూతులు, మీ ప్రాంతంలో మంచు సాధారణంగా పేరుకునే ఎత్తుకు కనీసం 12 అంగుళాలు పైన ఉన్నాయో లేదో మీరే కొలవండి. కండెన్సేట్ నీటి గొట్టాన్ని బయటికి వదిలితే చలికి గడ్డకట్టి ఫర్నేస్ ఆగిపోతుంది. అది లోపలి మురుగు గొట్టంలోకే వెళ్ళాలి.

## 9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరించే తీరు

కొత్త ఫర్నేస్ అయిదు నిమిషాలకోసారి ఆగుతోంది. ముందు ఫిల్టర్ చూడండి. ఒక అంగుళం మందపు ఫిల్టర్ పెట్టే చోట మెర్వ్ 13 రకం (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నని ధూళిని పడుతుందో చెప్పే అంకె) పెడితే గాలి ఆడకపోవచ్చు, మెర్వ్ 8 పెట్టి చూడండి. అయినా ఆగుతుంటే సైజు లెక్క, ఉష్ణోగ్రత తేడా కొలతలు తిరిగి తీయించండి.

ఒక గది ఎప్పుడూ చల్లగానే ఉంది. అది చాలాసార్లు యంత్రం తప్పు కాదు, డక్టుది. కొత్త యంత్రం పెట్టేముందే చెప్పి, డక్టు సవరణను కోట్‌లో చేర్పించవలసింది. ఇప్పుడైతే ఆ గదికి వెళ్ళే డక్టు కీళ్ళను మాస్టిక్ పూతతో మూయించడంతో మొదలుపెట్టండి.

తనిఖీకి ఎవరూ రాలేదు. పర్మిట్ తీసుకున్నా తనిఖీకి పిలవడం కాంట్రాక్టర్ మరచిపోతాడు. నగర కార్యాలయానికి మీరే ఫోను చేసి, పర్మిట్ ఇంకా తెరిచే ఉందా అని అడగండి. ఇల్లు అమ్మేటప్పుడు ఇది బయటపడి ఇబ్బంది పెడుతుంది.

వారంటీ పదేళ్ళు అన్నారు, అయిదేళ్ళే అంటున్నారు. చాలా కంపెనీలు 60 లేదా 90 రోజుల్లోగా నమోదు చేస్తేనే పదేళ్ళు ఇస్తాయి. కాంట్రాక్టర్ చేస్తాడని వదిలేయకుండా, సీరియల్ నంబరుతో మీరే చేసి ధ్రువీకరణ దాచుకోండి.

## 10. పని ముగిశాక

ఒక కవరులో ఒప్పందం, కొలతల కాగితం, తనిఖీ ఆమోదం, లీన్ వేవర్, వారంటీ నమోదు పత్రం పెట్టి ఫర్నేస్ పక్క గోడకు తగిలించండి. ఫిల్టర్ సైజును మార్కర్‌తో ఫర్నేస్ మీదే రాయండి.

పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఉన్నాయో, వాటి తయారీ తేదీ ఏమిటో ఆ రోజే చూడండి. గడువు దాటినవి మార్చేయండి.

రోజూ పోపులు, వేపుళ్ళు, దీపారాధన, అగరుధూపం ఉండే మన ఇళ్ళలో ఫిల్టర్ డబ్బా మీద రాసిన మూడు నెలల గడువు దాకా ఆగకుండా, చలికాలమంతా నెలకొకసారి బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. వెలుతురు ఇవతలికి రాకపోతే అదే రోజు మార్చండి. మంచు కురిసిన ప్రతిసారీ కారు దారి తీసే పారతోనే ఆ పీవీసీ గొట్టాల చుట్టూ కూడా తీయండి.